తీసుకెళ్లేవారు

ఆరు కావడానికి ఇంకా పావుగంట ఉంది. చిట్టి అప్పుడే గుమ్మం వైపు చూడడం మొదలుపెట్టింది.

హాలు నెమ్మదిగా ఖాళీ అవుతోంది. వచ్చినవాళ్లు పసుపుపచ్చ కార్డు చూపిస్తున్నారు, రిజిస్టర్లో రాసి సంతకం పెడుతున్నారు, తమవాళ్లను తీసుకుని పోతున్నారు. చిట్టి కోసం మాత్రం ఎవరూ రాలేదు. అమ్మ ఆలస్యం చేసే మనిషి కాదు. "నేనొచ్చేదాకా కూర్చున్న చోటు నుంచి కదలకు. కొత్తవాళ్లు పిలిస్తే వెళ్లకు," అని ఒకటికి పదిసార్లు చెప్పింది. మిగతావి ఎలా ఉన్నా, ఆ మాట మాత్రం చిట్టికి బాగా గుర్తుంది.

ఆ హాలు లైబ్రరీ వాళ్లది. బడి వదిలాక పిల్లలు రోడ్ల మీద పడి తిరగకూడదని నలుగురూ తలో చెయ్యి వేశారు. లైబ్రరీ చోటిచ్చింది. బేకరీ ఆయన బన్నులు పంపుతాడు. బస్సు డిపో వాళ్లు వ్యాను తిప్పుతారు. ఆసుపత్రి వాళ్లు ఒక నర్సును పంపుతారు, ఆమె వెంట తమ దగ్గరికొచ్చే కొందరిని కూడా ఈ సందడిలో కూర్చోబెడతారు. అందరికీ కలిపి ఒకటే హాలు, ఒకటే రిజిస్టరు. అక్కడ ఎవరు ఎవరినైనా "మీరు" అనే పిలవాలి. అది హాలు చూసుకునే టీచరు పెట్టిన రూలు. ముక్కు కారే ఆరేళ్ల బుడతణ్ణి కూడా అక్కడ "మీరు" అనాల్సిందే.

చిట్టి పక్కన రెండు జడల పిల్ల లెక్కలు చేస్తోంది. చేస్తూ చేస్తూ ఆగిపోయింది.

"పన్నెండు ఎనిమిదులు ఎంతండీ?"

"తొంభై ఆరు," అంది చిట్టి తడుముకోకుండా. ఎక్కాల్లో చిట్టిని కొట్టేవాళ్లు ఆ హాల్లోనే లేరు. ఇవాళ వస్తూనే ఆ పిల్ల చిట్టి తల దువ్వి జడ కూడా వేసింది. ఉన్న ఒక్క స్నేహితురాలూ ఆ పిల్లే.

రిజిస్టరు బల్ల దగ్గర నవ్వులు వినిపించాయి. బేకరీ ఆయన "తీసుకెళ్లేవారు ఏమవుతారు" అన్న గడిలో "కొడుకు" అని రాశాడట.

"బాబు మీకేమవుతాడో కాదండీ, మీరు బాబుకేమవుతారో రాయాలి," అంటోంది టీచరు. "మీరే కొడుకైతే, ఈ బాబు మీ నాన్న అయిపోడూ?"

ఆయన నాలుక్కరుచుకుని, కొట్టేసి, "తండ్రి" అని రాసి వెళ్లిపోయాడు. అందరూ నవ్వారు. చిట్టికి నవ్వు రాలేదు. కిటికీ బయట వీధి దీపాలు వెలుగుతున్నాయి.

తలుపు తెరుచుకుంది. భుజాన సంచీ, చేతిలో తడి గొడుగుతో ఎవరో ఒకావిడ లోపలికొచ్చింది. తిన్నగా చిట్టి వైపే చూసి నవ్వింది.

చిట్టి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడెవరో తెలియదు. ఎన్నడూ చూసిన మొహం కాదు. పైగా ఆవిడ నవ్వు అచ్చం అమ్మ నవ్వులా ఉంది. అదే మరీ భయంగా ఉంది.

"రామ్మా, ఇంటికెళ్దాం," అంది ఆవిడ.

"నేను రాను. మా అమ్మ వస్తుంది."

ఆవిడ నవ్వు కాస్త తగ్గింది. దగ్గరికొచ్చి కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. "ఇవాళ కూడా బన్నులో కిస్మిస్ ఏరి పక్కన పెట్టేశావా?" అని మెల్లగా అడిగింది.

కిస్మిస్ సంగతి ఈవిడకెలా తెలుసు? ఎన్నాళ్ల నుంచి కనిపెట్టి చూస్తోంది? ఇంతలో ఆవిడ సంచీలోంచి పసుపుపచ్చ కార్డు తీసింది. దాని మీద ఉన్నది చిట్టి పేరే. అమ్మ దగ్గర ఉండాల్సిన కార్డు. అంటే అమ్మ దగ్గర్నుంచి లాక్కుందన్నమాట. మరి అమ్మ ఏమైంది?

"టీచర్, ఈవిడ దొంగ," అని అరిచింది. "మా అమ్మని ఏదో చేసింది."

టీచరు తల దించుకుని రిజిస్టరు సర్దుతోంది. నర్సు కదల్లేదు. వ్యాను డ్రైవరు గుమ్మంలో నిలబడి గోడ గడియారం చూస్తున్నాడు. అందరూ కూడబలుక్కున్నారని చిట్టికి అర్థమైపోయింది. ఇంతమంది ఉండి ఒక్కరూ అడ్డం పడరేం?

కుర్చీని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. లేచి పరుగెత్తాలని ఉంది. ఇంతసేపూ కూర్చున్న కాళ్లు మాట వినడం లేదు.

"నన్ను పంపించొద్దని చెప్పు," అని రెండు జడల పిల్ల చెయ్యి పట్టుకుంది. భయంలో "మీరు" కూడా మర్చిపోయింది.

ఆ పిల్ల పెన్సిలు కింద పెట్టింది. "భయపడకండి. వ్యాను దాకా నేనూ వస్తాను, మీ చెయ్యి వదలను. రేపు పదమూడో ఎక్కం చెప్పాలి మీరు."

"రేపు నేనుంటానా?"

"ఉంటారు. రోజూ ఇలాగే అడుగుతారు. రోజూ వస్తారు."

ఆ మాట చిట్టికి అర్థం కాలేదు. కానీ ఆ చిన్న చెయ్యి వెచ్చగా ఉంది. దాన్నే పట్టుకుని ఏడుస్తూ లేచింది. అమ్మ వచ్చి, తను కనిపించక, ఎంత గాభరా పడుతుందో అని ఒకటే బెంగ. బల్ల దగ్గర ఆగి, "మా అమ్మ వస్తే, నా అంతట నేను వెళ్లలేదని చెప్పండి," అంది.

"తప్పకుండా చెప్తానమ్మా," అంది టీచరు.

కొత్తావిడ అరచేత్తో కళ్లు తుడుచుకుని, రిజిస్టరు ముందుకు లాక్కుని, చిట్టి పేరుకెదురుగా "తీసుకెళ్లేవారు ఏమవుతారు" అన్న గడిలో, నిన్నా మొన్నా రాసినట్టే, "కూతురు" అని రాసింది.