గాలి కన్నం

గ్యాస్ హీటర్ తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు, స్నానాలగది గోడకున్న గాలి కన్నంలోంచి గుడ్డ బయటికి లాగాడు.

"విషవాయువు పోయే దారి లేక లోపలే నిండిపోయింది. వాసన కూడా రాదు. పాపం, మీ ఆవిడకి తెలిసుండదు. ఎవరు కుక్కారిది?"

అల్లుడు గుర్తుపట్టాడు. అది అత్తగారి పాత చీర ముక్క.

"ఏమంటున్నారు నాయనా?" గుమ్మం దగ్గర్నుంచి అడిగింది అత్తగారు.

"హీటరే పాడైందట అత్తయ్యా," అన్నాడు, గుడ్డని అందుకుని వీపు వెనక దాచుకుంటూ. ఇన్‌స్పెక్టరు తన సామాన్లు సర్దుకోసాగాడు.

"పాడు హీటరు! నా బంగారుతల్లిని పొట్టన పెట్టుకుంది." ఆవిడ కళ్లొత్తుకుంది. "ఈసారి మంచిది పెట్టించు నాయనా. స్నానం చేయిస్తుంటే పసిదానికి చలిగాలి కొట్టకుండా, ఆ కన్నం మళ్లీ నేనే గట్టిగా మూస్తాను."

అతను గుడ్డని ముందుకు తీశాడు.

"అత్తయ్యా... ఇలా వచ్చి నా పక్కన కూర్చోండి."