నడిచేవాణ్ణి

"ఈ సాయంత్రం నీ డెన్మార్క్ పెద్దాయన మళ్లీ మన పరువు తీస్తే, సోమవారం నుంచి నీ బల్ల ఒతోనియేల్‌కి ఇచ్చేస్తాను," అన్నాడు డైరెక్టరు దోన్ ఎవెలియో.

అంతిగ్వా ఊళ్లోని ఆ స్పానిష్ బడిలో బల్ల అంటే ఉద్యోగమే. వసారాలో బల్లకొక టీచరు, ఎదురుగా ఒకే ఒక్క విదేశీ విద్యార్థి. చదువు ముగించినవాళ్లు శుక్రవారం విందులో లేచి తమ గురించి స్పానిష్‌లో నాలుగు మాటలు చెప్పాలి. టీచరు గొప్పా తక్కువా తేలేది అక్కడే.

"బాగానే మాట్లాడతాడండీ," అంది టీచరు ఒదీలియా.

"ఏం మాట్లాడతాడు? చిన్నప్పటి సంగతులు చెప్పవయ్యా అంటే నిన్న నాతో 'నేను బడికి ఒకసారి నడిచాను' అన్నాడు. ఒక్కసారి వెళ్లి మానేశాడా ఏం?"

పక్క బల్ల టీచరు ఒతోనియేల్ కిసుక్కున నవ్వాడు. "నీ బల్ల మీద మధ్యాహ్నం ఎండ పడుతుంది కదూ ఒదీలియా? నేనొచ్చాక కాస్త పక్కకి జరుపుకుంటాలే."

"ముందు నీ కుర్చీ కాళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకో," అని ఒదీలియా విసవిసా తన బల్ల దగ్గరికి వచ్చేసింది.

టోర్బెన్ అక్కడ పుస్తకం ముందేసుకుని చెమటలు తుడుచుకుంటున్నాడు. జీవితమంతా వడ్రంగం చేసిన మనిషి. ఆ పెద్ద చేతుల్లో పెన్సిలు పుల్లలా ఉంది.

"నడవడం," అంది ఒదీలియా. "రోజూ జరిగే పని. మొదలుపెట్టండి."

"కామినాబా, కామినాబాస్, కామినాబా, కామినాబామొస్, కామినాబాన్." నడిచేవాణ్ణి, నడిచేవాడివి, నడిచేవాడు, నడిచేవాళ్లం, నడిచేవాళ్లు. గడగడా అప్పజెప్పేశాడు.

"భేష్. ఇప్పుడు వాక్యం. చిన్నప్పుడు నేను బడికి..."

"చిన్నప్పుడు నేను బడికి... నడిచాను."

ఒదీలియా తల పట్టుకుంది.

"కోప్పడకండి టీచర్," అన్నాడు టోర్బెన్ దిగులుగా. "ఈ పుస్తకంలో ఎవరో పేద్రో చేపలు పట్టేవాడు, ఎవరో మరియా పాటలు పాడేది. వాళ్ల మొహాలు నేనెప్పుడూ చూడలేదు. చూడనివాళ్ల సంగతులు నా తలలో నిలవడం లేదు."

"అయితే పేద్రోని వదిలేద్దాం." ఒదీలియా పుస్తకం మూసి అవతల పడేసింది. ఇక అక్కణ్ణుంచి తన సంగతో, ఊళ్లో సంగతో, నోటికి ఏది వస్తే అది వాక్యం చేసి చెప్పడం, ఆయన చేత అనిపించడం. కాఫీలు చల్లారిపోయాయి. పక్క బల్లలన్నీ ఖాళీ అయ్యాయి. ఆవిడ గొంతు బొంగురుపోయాక ఆయన ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

"చాలు టీచర్. నాకు దొరికింది," అన్నాడు. ఏం దొరికిందో చెప్పలేదు.

సాయంత్రం లోగిలినిండా పచ్చి దేవదారు ఆకు పరిచారు. విద్యార్థులకి ఇళ్లలో చోటిచ్చిన తల్లులందరూ వంటలు పట్టుకుని వచ్చారు. టోర్బెన్ ఉంటున్నది ఒదీలియా వాళ్లింట్లోనే. అందుకని వాళ్లమ్మ తొమాసా కూడా మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాలెల గిన్నెతో వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

టోర్బెన్ లేచాడు. ఒతోనియేల్ అప్పుడే నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. ఒదీలియా కళ్లు గట్టిగా మూసుకుంది. ఆవిడకి ఆయన చెప్పే కథతో పనిలేదు. మాట చివర 'ఆబా' పడిందా లేదా, అంతే. టీచర్లకి అదో జబ్బు. ఎదుటివాళ్లు ఏడుస్తూ గోడు చెప్పుకున్నా మాటల్లో తప్పులే వెతుకుతారు.

"చిన్నప్పుడు నాకు చెప్పులు లేవు," అన్నాడు టోర్బెన్. "మా నాన్న బూట్లు వేసుకుని రోజూ బడికి నడిచేవాణ్ణి."

నడిచేవాణ్ణి. పడింది. ఒదీలియా ప్రాణం లేచొచ్చింది.

"నాన్న రాత్రిళ్లు కాపలా కాసేవాడు. ఆయన పగలు పడుకున్నాక బూట్లు దొంగతనంగా తీసుకునేవాణ్ణి. కాళ్లు జారిపోకుండా లోపల గుడ్డపీలికలు కుక్కేవాణ్ణి. ఆయన లేచేలోగా మళ్లీ మంచం కింద పెట్టేసేవాణ్ణి."

పడింది. పడింది. ఒక్కటీ తప్పు పోలేదు. ఒదీలియా బల్ల కింద వేళ్లు ముడుస్తూ లెక్కపెడుతోంది. చుట్టూ గరిటెల చప్పుడు కూడా ఆగిపోయింది.

"వానాకాలంలో పీలికలు తడిసి ముద్దయ్యేవి. పొద్దున్నకల్లా ఎలా ఆరిపోయేవో నాకు అంతుపట్టేది కాదు. మా అమ్మకి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు."

లోగిలి చప్పట్లతో మారుమోగిపోయింది. ఒదీలియా కళ్లు తెరిచింది. గెలిచేసింది. ఎవరూ చూడకపోతే బల్లెక్కి గంతులేసేదే.

దోన్ ఎవెలియో కళ్లద్దాలు తుడుచుకుంటూ వచ్చాడు. "ఎన్ని కష్టాలు పడ్డాడమ్మా పాపం! ఆ మనిషి చేత ఇంత చెప్పించావంటే మాటలు కాదు. సోమవారం కొత్తవాళ్లు వస్తున్నారు, ఎవరు కావాలో ముందు నువ్వే ఎంచుకో."

"నా కుర్చీ కాళ్లు సరిగ్గానే ఉన్నాయి," అన్నాడు ఒతోనియేల్ వెనకనుంచి. "అక్కడే కూర్చుంటాలే."

ఒదీలియా పగలబడి నవ్వింది. ఈ గెలుపు అమ్మతో పంచుకుందామని పక్కకి తిరిగింది. తొమాసా శాలువా అంచుతో కళ్లొత్తుకుంటోంది.

"ఏంటమ్మా, ఆయన కథ విని నువ్వూ ఏడ్చేశావా?"

తొమాసా కూతురి చెంప నిమిరింది.

"పిచ్చిదానా, నువ్వు మీ నాన్న బూట్లలో కుక్కుకున్న ఆ పీలికల్ని రోజూ పొయ్యి పక్కన ఆరబెట్టేదాన్ని నేనేనే."