ఆర్నెల్ల జవాబులు

"ఇంకొన్నాళ్ళు మాత్రలతో నెట్టుకొద్దామండీ. కోతదాకా ఎందుకు?" అన్నాడు లెక్కల టీచరుగారి భర్త డాక్టరమ్మతో, కళ్ళజోడు సవరించుకుని రిపోర్టులు తిరగేస్తూ.

"పొట్టలోని పుల్లనీళ్ళు పైకి తన్ని ఈవిడ గొంతును కాలుస్తున్నాయి. మాత్రలు వాటిని ఆపలేకపోయాయి. పొట్ట పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ మడిచి కుట్టేస్తే పైకి రావు. గొంతు చాలావరకు తిరిగొస్తుంది," అంది డాక్టరమ్మ.

"బడి ఎలాగూ మానేసింది. ఇంట్లోనూ ప్రశాంతంగా ఉంది. ఈ ఆర్నెల్లుగా నేనేం చెప్పినా కాదనలేదు."

లెక్కల టీచరు సంచిలోంచి నోట్‌బుక్ తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. గొంతుకు విశ్రాంతి ఇవ్వమన్నప్పుడు, ఏం కావాలన్నా రాసి చూపించమని ఆయనే కొనిచ్చాడు. సరుకుల చిట్టా అనుకుని తెరిచాడు.

"నేను బడి మానేస్తున్నానని హెడ్మాస్టరుకు మీరే ఫోన్ చేసి చెప్పారు. నేను ఒప్పుకోలేదు."

పేజీ తిప్పాడు.

"అమ్మాయి చదువు ఇక చాలన్నారు. నేను ఒప్పుకోలేదు."

ప్రతి పేజీలో ఒక తేదీ, ఆయన అన్న మాట, దాని కింద ఆమె జవాబు. చివరి అట్టదాకా అంతే.

ఆయన తలెత్తాడు. "ఇవన్నీ ఎప్పుడు రాశావు?"

"మీరు అన్న రోజే," అంది టీచరు బొంగురుగా. "చూపిస్తే, కళ్ళజోడు దగ్గర లేదు, తర్వాత చూస్తానన్నారు."

డాక్టరమ్మ ఆపరేషన్‌కు ఒప్పుకునే కాగితాన్ని ముందుకు జరిపింది. టీచరు సంతకం చేసి, పెన్ను మూత పెట్టింది.

"వినడానికి కళ్ళజోడు అక్కర్లేదుగా."