గేటు దగ్గరి తాతయ్య

"ఇంత ఎండలో స్వెటరేంటమ్మా?" కొడుకు విసుక్కున్నాడు.

"కడియం కనబడకుండారా. పొద్దున సబ్బు రాసి లాగినా ఊడి రాలేదు."

మూతపడిన బంగారు గని గేటు పక్క గదిని మ్యూజియం చేశారు. తాతయ్య ఆ గనిలో ఏం పని చేశాడో కనుక్కోవాలని కొడుకు పట్టుబట్టి తీసుకొచ్చాడు. తల్లికి మాత్రం గుండెల్లో రాయి పడింది. నలుగురికి రెండు కంచాలున్న ఇంట్లో ఇంత లావు బంగారు కడియం ఎక్కడిది? అత్తగారు పోయేముందు దాన్ని తన చేతికి తొడిగి, "గని ఊరికి మాత్రం పెట్టుకెళ్ళకే" అంది. ఎందుకో చెప్పకుండానే కన్నుమూసింది.

"మీ తాతయ్య దొంగని తేలితే? నీకు బ్యాంకులో ఉద్యోగమొచ్చి నెల కాలేదు. దొంగ మనవణ్ణి లాకర్ల గదిలోకి రానిస్తారా?"

"ఊరుకో అమ్మా."

గుమ్మం పక్క బెంచీ మీద ఓ ముసలాయన కొడుకు చెవుల వంకే చూస్తున్నాడు.

"ఈ చేటల్లాంటి చెవులు ఎక్కడో చూశానబ్బాయ్."

ఆవిడ కొడుకుని రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

లోపల మ్యూజియం చూసుకునే ఆయనా ఆ చెవుల దగ్గరే ఆగాడు. నవ్వుతూ గోడ మీది ఫొటో చూపించాడు. గేటు ముందు టోపీ పెట్టుకున్న మనిషి. టోపీకి రెండు పక్కలా అవే చెవులు.

"మా మామగారే," అంది ఆవిడ. "గనిలోకి దిగేవారా?"

"లేదమ్మా, గేటు దగ్గర తనిఖీ. పనయి పైకొచ్చిన ప్రతివాణ్ణీ ఆయనే వెతికేవారు. జుట్టులో, నాలుక కింద, చెప్పు మడమలో బంగారం దాచుకొస్తారని. ఆయనున్నన్నాళ్ళూ ఒక్క దొంగని కూడా కంపెనీకి అప్పగించాల్సిన పని పడలేదు. ఆయన భయానికి దొంగతనాలే ఆగిపోయాయని ఏటా బహుమతిచ్చేవారు."

ఆవిడ స్వెటర్ విప్పి కొడుకు చేతిలో పడేసింది.

"ఇది బహుమతి అన్నమాట! నలుగురి కళ్ళూ పడతాయని దాచమంది పిచ్చి అత్తయ్య. దేవుడిలాంటి మనిషిని అనుమానించాను కదరా."

వెళ్తూ వెళ్తూ ముసలాయన ముందు కావాలనే చెయ్యి చాపింది.

"ఆ చెవులు మా మామగారివి పెద్దాయనా. గేటు దగ్గర చేసేవారు. ఆయనున్నన్నాళ్ళూ ఒక్క దొంగ కూడా లేడట, తెలుసా?"

ముసలాయన కడియాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, సొంత వస్తువు బరువు చూసుకున్నట్టు చూసుకున్నాడు.

"తెలియకేం తల్లీ, నేను గనిలో దిగినవాణ్ణే," అన్నాడు.

"నన్నే మూడుసార్లు పట్టుకున్నాడు."