సోమక్క కుడిచేయి

డాక్టర్ వినీత జోగయ్య పక్కటెముకల కింద అల్ట్రాసౌండ్ ఆనించి తెర వైపు చూసింది. కట్లపాము కరిచి ఆరు రోజులుగా అతను వెంటిలేటర్ మీదే ఉన్నాడు.

“గా కదిలేది ఏందమ్మా?” అడిగింది తల్లి సోమక్క. కొంటా నుంచి కొడుకును జగదల్‌పూర్ ఆసుపత్రికి తెచ్చిన రోజు నుంచీ ఆమె కుడిచేతిని కొంగులోనే చుట్టి ఉంచుకుంది.

“ఊపిరి లాగే కండ. నిన్నటిదాకా కదల్లేదు. ఇవాళ గొంతులోని పైపు తీసేయొచ్చు.”

సోమక్క రెండడుగులు వెనక్కి జరిగింది. “తీసేటప్పుడు నన్ను బయటికి పంపు బిడ్డా. నా పెద్దకొడుక్కి గూడ గిట్లనే పైపు తీసినంక ఎవ్వలు చూడకుండ రెండు గుక్కల జావ పోసిన. ఈ చేత్తోనే. పొద్దుగూకేసరికి పాయె.”

వినీతకు తెలుసు. రెండేళ్ళ క్రితం ఇదే వార్డులో “నా జావే సంపింది” అని సోమక్క నేల మీద పడి ఏడుస్తుంటే విన్నది. విని ఊరుకుంది. ఆ ఏడుపు అప్పటి నుంచీ వినీత వెంటే తిరుగుతోంది.

“జావ వల్ల కాదమ్మా.” వినీత తెర మీంచి చూపు తిప్పలేదు. “ఈ మిషన్ అప్పుడూ ఉంది. ముందు చూడకుండానే పైపు తీశాను. ఆయాసం ఎక్కువయ్యాక తెచ్చి చూస్తే ఈ కండ కదలడమే లేదు. మళ్ళీ పైపు వేసేలోపే పోయాడు. తప్పు నాది.”

సోమక్క మెల్లగా కొంగు విప్పి కుడిచేతిని చూసుకుంది.

“రెండేండ్ల సంది ఈ చేత్తో ఎవ్వలకూ బువ్వ పెట్టలే,” అంది.