ఆఖరి పీపా

"వైన్లో ఐసు ముక్కలా?"

నఖ్లే కేకకి వంటింట్లో చేతులన్నీ ఆగిపోయాయి. జుమానా మాత్రం తలెత్తలేదు. గాజు జాడీల్లో నారింజ ముక్కలు, దానిమ్మ రసం, గుప్పెళ్లతో చక్కెర పోసి, పైనుంచి ఐసు గుమ్మరిస్తోంది.

"ఎండగా ఉంది బాబాయ్. చల్లగా ఉంటే తాగుతారు."

బయట అక్రోట్ చెట్ల కింద బేరూతు నుంచి వచ్చిన అతిథులు నలభై మంది. పన్నెండేళ్లుగా మూతపడి ఉన్న ఈ ద్రాక్షతోటని జుమానా కొన్నాక ఇదే మొదటి విందు. కొత్త పంట ఇంకా తీగల మీదే ఉంది. పోయడానికి మిగిలింది నేలమాళిగలోని ఒక్క పాత పీపా. ఇన్నేళ్లూ దాన్ని ఎవరి చేతా ముట్టుకోనివ్వకుండా కాపలా కాసినవాడు నఖ్లే.

"బిషప్పులు కళ్లు మూసుకుని తాగిన వైను ఇది. దీన్ని పెళ్లివారి షర్బత్తు చేశావు కదే! గచ్చుబండలు అమ్ముకున్న డబ్బుతో తోట కొన్నదానివి, నీ దగ్గర ఇంతకన్నా ఏం ఆశించాలిలే."

వంటమనిషి వర్దే ఉండబట్టలేకపోయింది. "నఖ్లే, అసలు సంగతి..."

"నువ్వూరుకో వర్దే," అంది జుమానా.

నఖ్లే కిటికీలోంచి చూశాడు. ఒక లావుపాటాయన గ్లాసులోకి వేళ్లు పెట్టి, నారింజ ముక్క తీసి, జుర్రున చప్పరించి, తొక్కని గడ్డిలోకి విసిరాడు. "అబ్బ, ఇంకో జాడీ!" అని అరిచాడు.

నఖ్లే కిటికీ బయటికి కాండ్రించి ఉమ్మాడు. నడుముకున్న తాళాలగుత్తి తెంపినంత పని చేసి బల్ల మీద పడేశాడు.

"నీ తోట, నీ తాళాలు. ఈ గుమ్మం మళ్లీ తొక్కితే నన్ను చెప్పుతో కొట్టు."

జుమానా చెయ్యి తుడుచుకుంది. మొహం ఎర్రబడింది.

"వెళ్దురుగాని. ముందు కిందికి రండి. ఏమీ కలపకుండా ఒక్క గుక్క తాగి, అప్పుడు తిట్టండి."

"రమ్మంటే భయమా నాకు?"

ముగ్గురూ నేలమాళిగలోకి దిగారు. జుమానా పీపా బిరడా లాగింది. పులిసి పాడైపోయిన వైను, వెనిగర్ ఘాటుతో గుప్పున కొట్టింది. వర్దే తలగుడ్డ చివరని ముక్కుకి అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. జుమానాకి కళ్లలో నీళ్లు తిరిగాయి. గ్లాసు సగం నింపి ఆయన చేతిలో పెట్టి, ఆ మొహం చూడలేక తల దించుకుంది.

నఖ్లే గ్లాసుని మెల్లగా తిప్పాడు. ముక్కు లోపలికంటా పెట్టి గాఢంగా పీల్చాడు. గుక్క తీసుకుని నోట్లో అటూ ఇటూ ఆడించి మింగాడు. ఆ పొద్దుటి నుంచీ మొదటిసారి ఆయన మొహం విప్పారింది.

"చూశావా తల్లీ, ఆ గులాబీల వాసన!"