ఎండు కట్టె మోత

మా తెముకో ఊళ్ళో వానలు పట్టుకున్నాయి. మా పొయ్యికి ఆఖరి కట్టెలు మిగిలాయి. కట్టెలమ్మే రోసామెల్ వస్తే, అతని ట్రక్కులోంచి రెండు కట్టెలు తీసి ఒకదానితో ఒకటి కొట్టి చూశాను. ఎండినవైతే ఖంగుమనాలి. మొద్దు చప్పుడే వచ్చింది.

"పచ్చివి! వెనక్కి పట్టుకుపో, దొంగా!"

"ఇంతకన్నా ఎలా మోగాలి పెద్దాయనా, చర్చి గంటలాగా? ఈ ఏడు మీరు తిప్పి పంపిన మూడోవాణ్ణి నేను!"

"ముగ్గురూ దొంగలే!"

ఇన్ని పుస్తకాలు చదివిన నన్నే మోసం చేద్దామని! పొయ్యి పక్కన కూర్చుని, ఈ ఊరి కట్టెలవాళ్ళని పేరుపేరునా తిట్టుకున్నాను.

నా భార్య ఎదెల్మీరా పెరట్లోంచి పరుగున వచ్చి, పొయ్యి మీది నీళ్ళ కెటిల్ దించింది.

"నీళ్ళు మరిగి ఇది వేసే ఈల పెరట్లోకి వినపడుతోంది. పక్కనే కూర్చుని దించలేవా, మహానుభావా?"

"ఏ ఈల?" అన్నాను.